టెక్సస్‌లో హోం కేర్ ఏజెన్సీకి మెడికేర్, మెడికెయిడ్ నమోదు: దరఖాస్తు కన్నా ముందు తేల్చుకోవలసినవి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎనిమిదేళ్లుగా డాలస్ ప్రాంతంలో ఆసుపత్రి నర్సుగా ఉన్నారు. ఇప్పుడు సొంతంగా హోం కేర్ ఏజెన్సీ పెట్టి, ప్రభుత్వ డబ్బు వచ్చే మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ల ఆరోగ్య బీమా), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ఆరోగ్య బీమా) రెండింటిలోనూ చేరాలనుకుంటున్నారు. తొంభై రోజుల్లో అన్నీ చేయించి పెడతానని ఒక కన్సల్టెంటు మాట ఇచ్చారు. డాక్టరైన మీ మరిది గారు పేషెంట్లను పంపుతానన్నారు. చుట్టుపక్కల మన తెలుగు పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి పనికి కొదవ ఉండదని మీ అంచనా. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

నేను ఇదే రాష్ట్రంలో పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట ఇళ్లకు వెళ్లే నర్సుని, తర్వాత ఏజెన్సీ అడ్మినిస్ట్రేటర్ని. మీ ఆలోచన మంచిదే, నర్సు నడిపే ఏజెన్సీలు ఇంకా రావాలని నిజంగా కోరుకుంటాను. కానీ మీరు నమ్ముకున్న ఆ మూడు లెక్కల్లో ఒక్కటీ నిలబడదు. ఒకదానివల్ల డబ్బు పోతుంది, ఒకదానివల్ల కాలం పోతుంది, మూడోదానివల్ల లైసెన్సే పోవచ్చు. ముందు ఆ లైసెన్సు పోయే సంగతి చెబుతాను.

మీ మరిది గారు పేషెంట్లను పంపడం గురించి. మెడికేర్ చెల్లించే హోం హెల్త్ సేవలు స్టార్క్ చట్టం కిందికి వస్తాయి. డాక్టరుకు గానీ, ఆయన దగ్గరి కుటుంబ సభ్యులకు గానీ ఏజెన్సీలో యాజమాన్యం ఉంటే, ఆ డాక్టరు తన మెడికేర్ పేషెంట్లను ఆ ఏజెన్సీకి పంపకూడదు. పంపినా ఆ ఏజెన్సీ బిల్లు పెట్టకూడదు. దగ్గరి కుటుంబం అంటే భార్యాభర్తలు, పిల్లలేనని చాలామంది అనుకుంటారు. చట్టం రాసిన జాబితాలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు, అల్లుళ్లు, కోడళ్లు, బావలు, మరుదులు, వదినలు అందరూ ఉన్నారు. ఆయనకు మీరు వదిన. అక్కడితో ఆ దారి మూసుకుపోయింది. ఇందులో ఉద్దేశం మంచిదా చెడ్డదా అని చూడరు. పేషెంటుకు నిజంగా సేవ అవసరమై, మీరు ఆ సేవను చక్కగా చేసినా సరే, తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే. మీ పేరు తీసి మీ భర్త పేరు పెడదామా అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆయన డాక్టరు గారికి స్వయానా అన్న.

దీనికి తోడు కిక్‌బ్యాక్ నిరోధక చట్టం వేరే ఉంది, అది క్రిమినల్ చట్టం. పేషెంటును పంపినందుకు తలకు ఇంతని మార్కెటింగ్ మనిషికి ఇవ్వడం, పని లేకపోయినా ఒక డాక్టరుకు ‘మెడికల్ డైరెక్టర్’ పేరుతో నెలనెలా చెక్కు ఇవ్వడం, చేరినందుకు పేషెంటు చేతిలో గిఫ్టు కార్డు పెట్టడం, అన్నీ దాని కిందికి వస్తాయి. డాలస్ ప్రాంతంలో ఈ పని ఎంత నిఘాలో ఉంటుందో మీరు తెలుసుకోవాలి. అవసరం లేనివాళ్లకు హోం హెల్త్ సేవలు కావాలని సంతకాలు పెట్టినందుకు ఇక్కడి డాక్టరు ఒకరి మీద 2012లో దాదాపు 37.5 కోట్ల డాలర్ల మోసం కేసు పెట్టారు. 2017లో ఆయనకు 35 ఏళ్ల శిక్ష పడింది. ఆయనతో పాటు ఏజెన్సీల యజమానులూ జైలుకు వెళ్లారు. హోం హెల్త్ మోసాలు ఎక్కువన్న కారణంతోనే 2014లో డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో, 2016లో టెక్సస్ అంతటా కొత్త ఏజెన్సీలను మెడికేర్‌లో చేర్చుకోవడం ఆపేశారు. ఆ నిషేధం 2019 జనవరి చివర్లో తొలగింది. అలాంటివి మళ్ళీ రావచ్చు. కాబట్టి మీరు దరఖాస్తు పెట్టే రోజున మీ రాష్ట్రానికి అటువంటి ఆంక్ష ఉందేమో మెడికేర్‌ను నడిపే కేంద్ర సంస్థ సీఎంఎస్ వెబ్‌సైటులో చూసుకున్నాకే రుసుము కట్టండి.

ఇక అసలు సంగతి. ‘హోం కేర్’ అని మనం ఒకే మాట వాడుతున్నాం గానీ, దాని కింద రెండు వేర్వేరు వ్యాపారాలు ఉన్నాయి. ఇల్లు కదలలేని పేషెంటు దగ్గరికి డాక్టరు ఆర్డరు మీద నర్సు వెళ్లి గాయానికి కట్టు మార్చడం, ఇన్సులిన్ నేర్పడం, ఫిజికల్ థెరపిస్టు వెళ్లి నడిపించడం మెడికేర్ హోం హెల్త్. కొన్ని వారాలకో నెలలకో అది ముగుస్తుంది. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, వంట చేసి పెట్టడం, మంచం మీంచి కుర్చీలోకి మార్చడం వంటి రోజువారీ సాయం మాత్రమే కావాలంటే మెడికేర్ ఒక్క డాలరు కూడా ఇవ్వదు. దానికి డబ్బు ఇచ్చేది ఆదాయ పరిమితులున్న మెడికెయిడ్, లేదా కుటుంబం తన జేబులోంచి. మొదటిదానిలో మీ ప్రాణం చార్టులో ఉంటుంది, రెండోదానిలో హాజరు, జీతాల లెక్కలో ఉంటుంది.

టెక్సస్ లైసెన్సులోనే ఈ తేడా కనబడుతుంది. హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్ ఇచ్చే ఏజెన్సీ లైసెన్సులో వర్గాలు ఉన్నాయి: పర్సనల్ అసిస్టెన్స్ సర్వీసెస్, లైసెన్స్‌డ్ హోం హెల్త్, లైసెన్స్‌డ్ అండ్ సర్టిఫైడ్ హోం హెల్త్, హాస్పిస్ (చివరి దశలో ఉన్న రోగుల సేవ). దరఖాస్తు ట్యూలిప్ అనే పోర్టల్‌లో పెట్టాలి. అంతకన్నా ముందే అడ్మినిస్ట్రేటరు, ప్రత్యామ్నాయ అడ్మినిస్ట్రేటరు కమిషన్ నిర్దేశించిన శిక్షణను కంప్యూటర్లో పూర్తిచేయాలి. మెడికేర్ కావాలనుకుంటే ‘సర్టిఫైడ్’ వర్గం కావాలి, అంటే రాష్ట్ర లైసెన్సు మీద మళ్ళీ కేంద్ర ధ్రువీకరణ. పర్సనల్ అసిస్టెన్స్ వర్గానికి ఆ ధ్రువీకరణ అక్కర్లేదు, దానితోనే మెడికెయిడ్‌లో చేరవచ్చు.

నన్నడిగితే, పెట్టుబడి పరిమితంగా ఉన్నప్పుడు రెండింటిలోనూ ఒకేసారి కాలు పెట్టవద్దు. పర్సనల్ అసిస్టెన్స్‌తో మొదలుపెట్టి, మెడికెయిడ్ నేర్చుకుని, రెండేళ్లయ్యాక మెడికేర్ వైపు చూడండి. మీరు నర్సు కాబట్టి మనసు మొదటి నుంచీ మెడికేర్ మీదే ఉంటుందని నాకు తెలుసు, నాకూ అలాగే ఉండేది. అందుకే మెడికేర్ దారి ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెబుతాను. ఏ దారి అనేది అది చదివాక మీరే నిర్ణయించుకోండి.

కంపెనీ పెట్టి, ఐఆర్ఎస్ నుంచి పన్ను గుర్తింపు సంఖ్య తీసుకోగానే సీపీ 575 అనే ఉత్తరం వస్తుంది. దాన్ని పెళ్లి ఆల్బమ్ దాచినట్టు దాచుకోండి. అందులో మీ కంపెనీ పేరు ఎలా ఉందో, అక్షరం తేడా లేకుండా అలాగే రాష్ట్ర లైసెన్సులో, సంస్థ పేరుమీద తీసుకునే ఎన్‌పీఐలో, బ్యాంకు ఖాతాలో, మెడికేర్ దరఖాస్తులో ఉండాలి. ఎన్‌పీఐ అంటే ఆరోగ్య సేవలు ఇచ్చేవాళ్లను గుర్తించే పది అంకెల సంఖ్య, ఉచితంగా ఇస్తారు. ఒక చోట కంపెనీ పేరు చివర ఎల్ఎల్‌సీ ముందు కామా ఉండి, మరో చోట లేకపోతే ఏమవుతుంది అనుకుంటారు. మా మొదటి దరఖాస్తుకు అదే జరిగింది. లైసెన్సులో ‘సర్వీసెస్’ అని, ఐఆర్ఎస్ ఉత్తరంలో ‘సర్వీస్’ అని ఉంది. సరిచేసి పంపమని లేఖ వచ్చింది. అలాంటి లేఖకు ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అది మా దగ్గర ఉద్యోగం మానేసిన ఒకరి ఈమెయిలుకు వెళ్లింది. మాకు తెలిసేసరికి గడువు దాటి, దరఖాస్తు తిరస్కరించారు. మళ్ళీ మొదటి నుంచి మొదలు. కాంటాక్టు ఈమెయిలు మీదే పెట్టండి, కన్సల్టెంటుది కాదు.

మెడికేర్ దరఖాస్తు పేరు సీఎంఎస్ 855ఏ. పెకోస్ అనే వ్యవస్థలో ఆన్‌లైన్లో నింపవచ్చు. రుసుము ఏటా మారుతుంది. 2024లో 709 డాలర్లు, 2025లో 730. టెక్సస్ హోం హెల్త్ దరఖాస్తులను పామెట్టో జీబీఏ అనే కాంట్రాక్టరు సంస్థ పరిశీలిస్తుంది. ఇందులో అందరూ తడబడేది యాజమాన్యం భాగంలో. నేరుగా గానీ, మరో కంపెనీ ద్వారా గానీ అయిదు శాతం, అంతకు మించి వాటా ఉన్న ప్రతి ఒక్కరి పేరూ, డైరెక్టర్ల పేర్లూ, నిర్వహణ చూసే ఉద్యోగుల పేర్లూ రాయాలి. కొత్త హోం హెల్త్ ఏజెన్సీలను ‘అధిక ప్రమాదం’ తరగతిలో పెట్టారు కాబట్టి అయిదు శాతం, అంతకు మించి వాటా ఉన్న యజమానులు వేలిముద్రలు ఇవ్వాలి. స్నేహితులు పెట్టుబడి పెట్టి ‘మా పేరు కనబడకుండా చూడు’ అంటే ఆ డబ్బు తీసుకోకండి. మీ భర్త హెచ్1బీ మీద ఉన్నారో, మీరు ఏ హోదాలో ఉన్నారో రాయలేదు. వాటాదారు కావడం వేరు, ఏజెన్సీలో పనిచేయడం వేరు. ఎవరి పేరు ఏ పదవిలో రాయాలో సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయరును అడగండి.

తర్వాత డబ్బు. కొత్త ఏజెన్సీ మొదటి మూడు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ చూపించాలి. మీ ప్రాంతంలో మీలాంటి కొత్త ఏజెన్సీలకు ఎంత ఖర్చయిందో చూసి కాంట్రాక్టరే ఆ మొత్తం నిర్ణయిస్తారు. అందులో కనీసం సగం అప్పు కానిది, సొంత డబ్బై ఉండాలి. స్టేట్‌మెంటు కోసం స్నేహితుల దగ్గర సర్దుబాటు చేసి, ప్రింటు తీశాక తిరిగి ఇచ్చేద్దామనుకునేవాళ్లను చూశాను. ఆ నిల్వను ఒకసారి కాదు, మధ్యలోనూ, ఆఖరున అనుమతి ఇచ్చేముందూ మళ్ళీ అడుగుతారు.

ఆఫీసు కూడా నిజంగా ఉండాలి. తపాలా పెట్టె నంబరు, గంటల లెక్కన అద్దెకిచ్చే గది పనికిరావు. సైట్ విజిట్‌కు వచ్చే మనిషి ముందు చెప్పి రారు. తలుపు మీద పేరుందా, రాసిన వేళల్లో తెరిచి ఉందా, లోపల పనిచేసే మనిషి ఉన్నారా అని చూసి, ఫొటోలు తీసుకుని వెళ్తారు.

అన్నిటికన్నా కష్టమైన భాగం ఇప్పుడు వస్తుంది. మెడికేర్ ధ్రువీకరణ సర్వే, అంటే తనిఖీ, జరగాలంటే మీరు అప్పటికే కనీసం పదిమంది పేషెంట్లకు నర్సింగ్ లేదా థెరపీ వంటి నైపుణ్య సేవలు అందించి ఉండాలి, సర్వే రోజున వాళ్లలో ఏడుగురు ఇంకా మీ దగ్గర ఉండాలి. వాళ్లు మెడికేర్ వాళ్లే కానక్కర్లేదు. కానీ వాళ్లకు చేసిన సేవకు మెడికేర్ మీకేమీ ఇవ్వదు. అన్ని షరతులూ నెరవేరిన తేదీ నుంచే చెల్లింపు. అంటే నర్సు జీతం, థెరపిస్టు జీతం, పెట్రోలు, మందుల సామాను, సాఫ్ట్‌వేర్ అద్దె అన్నీ ఆ పదిమందికీ మీ జేబులోంచే. నేను చూసిన కొత్త ఏజెన్సీల్లో మూతపడినవి ఎక్కువగా ఇక్కడే మూతపడ్డాయి, సర్వేలో తప్పి కాదు.

సర్వేకు రాష్ట్ర అధికారులు రావచ్చు గానీ కొత్త ఏజెన్సీల సర్వే వాళ్ల పనుల్లో చిట్టచివరి వరుసలో ఉంటుంది. అందుకే చాలామంది ఏసీహెచ్‌సీ, చాప్, జాయింట్ కమిషన్ అనే గుర్తింపు సంస్థల్లో ఒకదానికి రుసుము కట్టి చేయించుకుంటారు. మీరూ అలాగే చేయండి. నర్సింగ్‌తో పాటు కనీసం ఇంకొక సేవ ఉండాలి, థెరపీ గానీ, సోషల్ వర్కరు గానీ, స్నానం వంటి పనుల్లో సాయపడే ఎయిడ్ గానీ. వాటిలో ఒకటైనా పూర్తిగా మీ సొంత ఉద్యోగులతోనే ఇవ్వాలి.

సర్వే ఎలా ఉంటుందో ఒక్క దృశ్యం చెబుతాను. మా సర్వేయర్ గారు మా నర్సుతో కలిసి ఒక పెద్దావిడ ఇంటికి వచ్చారు. నేనూ వెంట ఉన్నాను. వంటగది బల్ల మీద ఆవిడ మందుల సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. సర్వేయర్ గారు కూర్చుని, మా చార్టులోని మందుల జాబితా తెరిచి, ఒక్కో సీసా చేతిలోకి తీసుకుని పేరు, మోతాదు పోల్చారు. పదకొండు సీసాలు. చార్టులో పది ఉన్నాయి. పదకొండోది ఆవిడ కూతురు దుకాణంలో కొన్న చేపనూనె మాత్రలు. అప్పటికి ఆవిడ రక్తం పలుచబడే మందు మీద ఉన్నారు. మా నర్సు మూడుసార్లు ఆ ఇంటికి వెళ్లింది, ఒక్కసారీ ‘దుకాణంలో కొన్నవి ఏమైనా వేసుకుంటున్నారా’ అని అడగలేదు. నివేదికలో అది లోపంగా వచ్చింది, రావాల్సిందే. ఆ తర్వాత సర్వేయర్ గారు పెద్దావిడ పక్కన కూర్చుని, ‘మీకు వీళ్ల మీద ఫిర్యాదు ఉంటే ఎవరికి ఫోను చేస్తారు?’ అని అడిగారు. ఆవిడ ఫ్రిజ్ మీద అంటించిన మా కాగితం వైపు చూపించారు. ఆ కాగితం ఒక్కటే ఆరోజు నాకు ఊపిరి పోసింది.

అందుకే చెబుతున్నాను, కన్సల్టెంటు అమ్మే విధానాల పుస్తకం మీద ఆధారపడకండి. ఒక కొత్త ఏజెన్సీ పుస్తకంలో అత్యవసర ప్రణాళిక తెరిస్తే అందులో మంచు తుపాను మార్గాలు వేరే రాష్ట్రానివి, మధ్యలో మరో ఏజెన్సీ పేరు. రిఫరల్ వచ్చిన 48 గంటల్లో మొదటి విజిట్, సేవ మొదలైన అయిదు రోజుల్లో పూర్తి అంచనా, ఎయిడ్ వెళ్లే పేషెంటు దగ్గరికి రెండు వారాలకోసారి నర్సు పర్యవేక్షణ, ఇవన్నీ మీ మనుషులు పుస్తకం చూడకుండా చెప్పగలగాలి. ఆఫీసులో గోడమీద రాసి పెట్టుకోండి.

సర్వే గెలిచాక కూడా బిల్లింగ్ కత్తిమీద సామే. పేషెంటును చేర్చుకున్న అయిదు రోజుల్లోపు మెడికేర్‌కు నోటీసు పంపాలి, ఆలస్యమైతే సేవ మొదలైన రోజు నుంచి నోటీసు పంపేదాకా రోజుకు ఆ ముప్పై రోజుల చెల్లింపులో ముప్పయ్యో వంతు పోతుంది. డాక్టరు ముఖాముఖి చూసిన తేదీ సేవ మొదలుకు తొంభై రోజుల ముందు గానీ ముప్పై రోజుల తర్వాత గానీ మించకూడదు. మరో మాట: మెడికేర్ ఉన్నవాళ్లలో సగానికి పైగా ఇప్పుడు ప్రైవేటు బీమా కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్లలో ఉన్నారు. ప్రభుత్వ ధ్రువీకరణ వచ్చినంత మాత్రాన ఆ ప్లాన్లు మిమ్మల్ని చేర్చుకోవు, ఒక్కోదానితో వేరే ఒప్పందం.

నడుస్తున్న ఏజెన్సీని కొనేస్తే ఈ శ్రమంతా తప్పుతుందని ఎవరో ఒకరు మీకు చెబుతారు. ఆ ఏజెన్సీ మెడికేర్‌లో చేరి, లేదా చివరిసారి చేతులు మారి 36 నెలలు కాకుండా ఎక్కువ వాటా మారితే, మినహాయింపులు కొన్ని తప్ప, మెడికేర్ ఒప్పందం మీకు బదిలీ కాదు. మీరు మళ్ళీ కొత్తగా దరఖాస్తు, కొత్తగా సర్వే. అడ్వాన్సు ఇచ్చేముందు ఆ తేదీలు కాగితం మీద చూడండి.

ఇప్పుడు మెడికెయిడ్. టెక్సస్‌లో నమోదు పెమ్స్ అనే వ్యవస్థలో. అక్కడా అయిదు శాతం యజమానుల వివరాలు ఇవ్వాలి, అయిదేళ్లకోసారి తిరిగి ధ్రువీకరించుకోవాలి. రాష్ట్రం అంగీకరించడంతో పని అయిపోదు. ఇక్కడి వృద్ధులు, వికలాంగులు ఎక్కువగా స్టార్‌ప్లస్ అనే మేనేజ్డ్ కేర్ పథకంలో ఉంటారు. ఆ పథకాన్ని నడిపే ప్రైవేటు ప్లాన్లతో, అంటే బీమా కంపెనీలతో, ఒప్పందం లేకపోతే మీ నమోదు సంఖ్య గోడకు తగిలించుకోవడానికే. లైసెన్సు ఫీజు కట్టకముందే మీ కౌంటీలోని ప్లాన్లకు ఫోను చేసి, రోజువారీ సాయం చేసే అటెండెంట్లను పంపే కొత్త ఏజెన్సీలను తీసుకుంటున్నారా అని అడగండి. ఈ ఒక్క ఫోను చేసినవాళ్లు చాలా తక్కువ.

అటెండెంటు ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ఏ సేవ, ఎవరికి, ఎవరు, ఏ తేదీ, ఎక్కడ, ఎప్పటినుంచి ఎప్పటివరకు అనేది ఫోనులోనో పరికరంలోనో నమోదు కావాలి. 2016 నాటి కేంద్ర చట్టం పెట్టిన నియమం ఇది. నమోదు, బిల్లు సరిపోలకపోతే డబ్బు రాదు. అటెండెంట్ల కనీస మూలవేతనాన్ని రాష్ట్రం 2023 సెప్టెంబరులో గంటకు 10.60 డాలర్లకు, 2025 సెప్టెంబరులో 13 డాలర్లకు పెంచింది. ఇది నాకు సంతోషం కలిగించిన విషయం, ఎందుకంటే పెద్దవాళ్లను ఎత్తి కూర్చోబెట్టేది ఆ చేతులే. అయితే మీరు వేసుకునే ఖర్చు లెక్క పాత అంకెలతో ఉంటే మార్చుకోండి. ప్రభుత్వ పథకాల నుంచి నిషేధించిన వ్యక్తుల జాబితాను ప్రతి ఉద్యోగికీ నెలనెలా చూసి, చూసిన తేదీతో ప్రింటు తీసి ఫైలులో పెట్టండి.

తెలుగు పెద్దవాళ్ల గురించి మీ లెక్క. మన ఇళ్లలో ఉండే అమ్మానాన్నలు చాలామంది విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు, వాళ్లకు మెడికేర్ లేదు. గ్రీన్ కార్డు మీద వచ్చినవాళ్లకు 65 ఏళ్లు నిండి, ఇక్కడ వరుసగా అయిదేళ్లు నివసించాక గానీ మెడికేర్ కొనుక్కునే అర్హత రాదు. అప్పుడు కూడా ఇక్కడ పనిచేసిన చరిత్ర లేకపోతే ఆసుపత్రి ఖర్చుల భాగమైన పార్ట్ ఏకు నెలకు 2025లో 518 డాలర్లు కట్టాల్సి వచ్చింది, డాక్టరు ఖర్చుల భాగమైన పార్ట్ బీ వేరే. కాబట్టి ప్రభుత్వ నమోదుతో వాళ్లకు సేవ చేస్తామన్నది చాలా ఇళ్లలో కుదరదు. కానీ పప్పుచారు పెట్టగలిగే, ‘అమ్మా, లేచి నాలుగడుగులు వేద్దాం’ అని తెలుగులో చెప్పగలిగే మనిషి కోసం కుటుంబాలు సొంత డబ్బు ఇస్తాయి. పర్సనల్ అసిస్టెన్స్ లైసెన్సుతో ఆ పని మొదటి నెలనుంచే చేయవచ్చు. ప్రభుత్వ చెల్లింపులు వచ్చేదాకా మీ ఏజెన్సీని నిలబెట్టేది అదే కావచ్చు.

తొంభై రోజుల మాటకు జవాబు: మా మెడికేర్ మొదటి చెల్లింపు, రాష్ట్ర లైసెన్సు చేతికొచ్చిన పదిహేడు నెలలకు వచ్చింది. కన్సల్టెంటును పెట్టుకోవడం తప్పు కాదు, దరఖాస్తు నింపడంలో సాయం తీసుకోండి. కానీ మీ పెకోస్ పాస్‌వర్డు ఇవ్వవద్దు, సంతకం మీరే పెట్టండి, పనిని బట్టి విడతలుగా డబ్బు ఇచ్చేలా రాయించుకోండి. పేషెంట్లను కూడా నేనే తెస్తానని అంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఈ వారం చేయగలిగినవి: మరిది గారికి ఫోను చేసి విషయం చెప్పండి, ఆయన లైసెన్సుకూ ఇది ముఖ్యం. తర్వాత మీ కౌంటీ ప్లాన్లకు ఫోను చేయండి. వాళ్లు ఏమన్నారో ఇక్కడే రాయండి. దాన్నిబట్టి లైసెన్సు ఏ వర్గంలో తీసుకోవాలో, నెలవారీ ఖర్చు ఎలా వేసుకోవాలో నేను రాస్తాను.